మా బావ కుడికాలు

"మగోని కాలికి పట్టీ ఏంది మే, నలుగురూ నవ్వరా?" అని మొదటిరోజు మా బావ చేసిన రాద్ధాంతం అంతా ఇంతా కాదు. నలుగురూ నవ్వనే నవ్వారు. వెల్డింగు చేసేవాళ్ళు సైతం పని ఆపుకుని వచ్చి చూసి, "ఓబులేసన్నా, గజ్జెలు కూడా కట్టించుకోరాదా" అని పోయారు. నేను ఆయన ముందు నేల మీద కూచుని, మోకాలి కింద పిక్కకు ఆ నల్ల రబ్బరు పట్టీ బిగిస్తూ, "కదలకుండా కూచో బావా, జరిగితే మళ్ళీ మొదటికొస్తాది" అని కసిరాను.

నేను ఇంజనీర్ని. ఆయన టెస్ట్ డ్రైవరు. మా మేనమామ కొడుకు కాబట్టి పుట్టినప్పటి నుంచీ బావే, పెళ్ళయ్యాక కొత్తగా పిలుపేమీ మారలేదు. చదువు నాకు వచ్చింది, బండి ఆయనకు వచ్చింది. బోరుబావులు తవ్వే లారీని పదేళ్ళు రాళ్ళలో రప్పల్లో నడిపిన మనిషి. స్టీరింగు ముందు కూచున్నాడంటే ఇంక ఎవరూ పలకరించకూడదు, అదొక పూజ.

కంపెనీ పేరు మీకెందుకు లెండి. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, బండగుట్టల మధ్య మాకొక టెస్ట్ ట్రాక్ ఉంది. అక్కడ మేము తయారుచేస్తున్నది నాలుగు తలుపుల కారు, వెనక డిక్కీతో సహా. చూస్తే అత్తామామల్ని ఎక్కించుకుని పెళ్ళికి పోయే కారులా ఉంటుంది. తొక్కితే మాత్రం గుండె వీపుకు అంటుకుపోతుంది. దాని రూపం ఎవరూ ఫోటో తీయకుండా ఒళ్ళంతా నలుపూ తెలుపూ వంకరగీతల స్టిక్కరు అంటించి ఉంచేవాళ్ళం. అందుకని అందరం దాన్ని "ముసుగు" అనేవాళ్ళం.

నా ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఆలస్యాన్ని చంపడం. మీరు పెడల్ తొక్కుతారు. గాలి లోపలికి పోవాలి, టర్బో తిరగాలి, నిప్పురవ్వ పడాలి, క్లచ్ పట్టాలి, గేరు కలవాలి, అప్పుడు గానీ చక్రానికి కబురందదు. ప్రతి మజిలీలోనూ కాస్త కాస్త ఆలస్యం. కారును రోలర్ల మీద నిలబెట్టి, ఉన్నచోటే పరిగెత్తిస్తూ, నిప్పురవ్వ పడే క్షణాన్ని కొంచెం కొంచెం ముందుకు జరుపుతాం. మరీ ముందుకు పోతే ఇంజన్ లోపల చిన్న సుత్తితో కొట్టినట్టు టకటక మొదలవుతుంది. అది వినపడగానే ఒక మెట్టు వెనక్కి రావాలి. వినకుండా మొండికేస్తే పిస్టన్ పగులుతుంది. గేర్లకేమో రెండు క్లచ్‌లు పెట్టి, ఒకటి పనిచేస్తుండగానే రెండోది తర్వాతి గేరును పట్టుకుని సిద్ధంగా ఉండేట్టు చేశాం. ఇట్లా అన్నీ పిండేశాక చివరికి మిగిలింది ఒక్కటే. తొక్కుదామని మనిషి అనుకోవడానికీ, కాలు నిజంగా తొక్కడానికీ మధ్య ఉండే ఆ కాస్త జాప్యం.

పట్టీ పని అదే. మెదడు కాలికి పంపే కబురును దారిలోనే విని కారుకు చెప్పేస్తుంది. కాలు కదిలే లోపలే టర్బో తిరిగిపోతుంది. బ్రేకైనా అంతే. మొదట్లో ఒక చిక్కొచ్చింది. కారు పట్టీ మాట విని దూకేది, ఆ వెనకే కాలొచ్చి పెడల్ మీద పడేది, కారు రెండోసారి ఎగిరిపడేది. కొత్తగా నేర్చుకునేవాడు నడిపినట్టు కుదుపులు. దానికి నేనే ఒక ఉపాయం రాశాను. కారు కబురు అందుకోగానే పట్టీ నరంలోకి తిరిగి ఒక చిన్న జవాబు పంపుతుంది. "అందింది, నువ్వు కష్టపడక్కర్లేదు" అన్నట్టు. కుదుపులు పోయాయి. కారు వెన్నలా సాగింది.

ల్యాపు సమయం రోజురోజుకూ తగ్గింది. పెడల్ మీద కాలి బరువు కూడా తగ్గుతూ వచ్చింది. మా పెద్ద, బదరీనాథ్ గారు, తెర మీద ఆ బరువు గీత కిందికి పోతుండటం చూసి ఉబ్బితబ్బిబ్బై, "డ్రైవరు శ్రమ సగమైంది శశికళ గారూ!" అని అందరికీ మైసూర్‌పాకు పంచారు. నేనూ తిన్నాను.

ఆ రోజు ముసుగు మా ట్రాక్ మీద ఇంతవరకూ ఏ కారూ పోనంత వేగంగా పోయింది. మా దగ్గర ఒక నియమం ఉంది. కొత్త లెక్క ఎవరు రాశారో వాళ్ళే మొదటి పరుగులో పక్క సీట్లో కూచోవాలి. వండినవాళ్ళు ముందు రుచి చూడాల్సిందే. కాబట్టి నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, బెల్టు బిగించుకుని, కదిరి నరసింహస్వామిని తలుచుకుంటూ పక్కనే ఉన్నాను. ఆపాక మా బావ ముఖం వెలిగిపోతోంది.

"చూసినావా మే! నేను అనుకునేలోపల పోతాంది. ఇది కారు కాదు, నా ఒళ్ళే!"

తలుపు తీసి దిగాడు. కుడికాలు నేల మీద పడలేదు. అంటే, పడింది, ఒక క్షణం ఆగి పడింది. ఆ లోపల ఆయన పక్కకు ఒరిగి తలుపు పట్టుకున్నాడు. "తిమ్మిరి" అన్నాడు నవ్వుతూ. అందరం నవ్వాం.

*

మా పాప ప్రణవి నాలుగో తరగతి. పొద్దున బడికి తీసుకుపోయేది వాళ్ళ నాన్నే, మోటారుసైకిల్ మీద. ఆ సోమవారం నేను ఇంకా చపాతీలు ఒత్తుతూనే ఉన్నాను, వీధి చివర ఏదో పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే మా పాప కేక. చేతిలో కర్రతోనే పరిగెత్తాను.

మలుపులో చీనీకాయల బండి బోర్లాపడి ఉంది. రోడ్డంతా కాయలు దొర్లుతున్నాయి. పాప గడ్డం చీరుకుపోయి రక్తం కారుతోంది. మా బావ దాన్ని గుండెకు అదుముకుని కూచుని, ఒకటే మాట అంటున్నాడు.

"తొక్కినా మే. సామి మీద ఒట్టు, బ్రేకు తొక్కినా. పడలేదు."

బండాయన తిడుతూనే ఉన్నాడు, పాపను చూసి మళ్ళీ తనే చెంబుతో నీళ్ళు తెచ్చి గడ్డం కడిగాడు. దెబ్బ పెద్దది కాదు, రెండు కుట్లతో పోయింది. సాయంత్రం నేనే ఆ మోటారుసైకిల్‌ను సందులో కాస్త దూరం నడిపి, కాలితో వెనక బ్రేకు నొక్కాను. చక్రం అక్కడికక్కడ బిగుసుకుపోయింది. బ్రేకుకు ఏ రోగమూ లేదు.

మా బావ అరుగు మీద కూచుని ఉన్నాడు. నేను వెళ్ళి కింద మెట్టు మీద కూచున్నాను. ఆయన కుడిపాదం ఎత్తి కింద నా అరచెయ్యి పెట్టాను.

"ఏందిది, కాళ్ళు పట్టుకుంటాండావు? బిడ్డను పడేసినోన్ని నేను, నీకెందుకు ఆ పని?"

"నా చెయ్యి తొక్కు బావా."

"ఊ. తొక్కినా."

నా చేతి మీద ఏమీ లేదు. పాదం ఈకలా ఆని ఉంది.

"ఇంకా గట్టిగా."

"తొక్కినా అంటాంటే! నీ చెయ్యి నలిగిపోతాదేమో అని చూస్తాండా."

ఊపిరి ఒకసారి పీల్చి వదిలాను. అప్పుడొచ్చింది బరువు, నింపాదిగా, ఎవరో వెనక నుంచి తోసినట్టు. ఆయన మాట అయిపోయాక వచ్చింది. మా బావ తన పాదం వంక చూశాడు. పరాయివాడి కాలేదో తన ఒంటికి తగిలించినట్టు చూశాడు. పాప గడ్డానికి ప్లాస్టరుతో ఎగురుతూ వచ్చి, "నేనూ ఆడతా, నా చెయ్యి కూడా తొక్కు నాన్నా" అంది. "పో లోపలికి!" అని అరిచాను. పాపం, అదేం చేసింది.

అనంతపురంలో నరాల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. నరం బాగుంది, కండ బాగుంది. "మరి ఏమిటమ్మా?" అన్నాను. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి, "ఈయన తొక్కుదామనుకోగానే, పని అయిపోయిందని మెదడు నమ్మేస్తోంది. ఎవరైనా అట్లా నేర్పించారా?" అని అడిగింది. నేను మా బావ ముఖం చూడలేకపోయాను. నేర్పించింది నేనే. అందింది, నువ్వు కష్టపడక్కర్లేదు అని రోజూ, పరుగు పరుగుకూ, ఆ కాలికి చెప్పింది నా జవాబే.

పట్టీ సంగతీ, నేను పెట్టిన జవాబు సంగతీ ఆమెకు చెప్పి, "పట్టీ తీసేస్తే అదే సర్దుకుంటుందా?" అన్నాను.

"చెప్పలేను. జవాబు వచ్చేదాకా ఎదురుచూడటం అలవాటైంది. ఎట్లా నేర్చుకుందో అట్లాగే మరిచిపోవాలి. చాలారోజులు వదిలేస్తే ముదురుతుంది."

దారంతా ఆలోచించాను. ఎట్లా నేర్చుకుందో అట్లాగే అంటే, అదే సీట్లో, అదే పెడల్ మీద. జవాబును రోజూ కొంచెం ఆలస్యంగా పంపాలి. జవాబు రాకముందే కాలు తనంతట తాను కదిలేదాకా. చివరికి జవాబే మానేయాలి. అంటే ముసుగును నెమ్మది చేయాలి. మేము రెండేళ్ళు కూచుని కట్టిందంతా ఒక్కొక్క ఇటుకే పీకాలి.

బస్సులో మా బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "బదరీనాథ్ సార్‌కు చెప్పొద్దు."

"పిచ్చా నీకు?"

"చెప్తే నన్ను దించుతారు మే. ఇంకొకని కాలికి కడ్తారు. కాలు రాని డ్రైవరుకు సీటెవడిస్తాడు? కార్లో నేను బాగానే ఉండాను కదా? శుక్రవారం పరీక్షకు బొంబాయి పెద్దోళ్ళు వచ్చి చూసి పోనీ. ఆపైన నీ ఇష్టం."

ఆయన కళ్ళల్లో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. మా అత్త పోయినప్పుడు కూడా చూడలేదు. సరే అన్నాను. ఎందుకన్నానో నాకే కోపం.

అయినా ఊరుకోలేక, పేరు చెప్పకుండా, మరుసటిరోజు బదరీనాథ్ గారి గదికి వెళ్ళాను. "సార్, జవాబు గురించి నాకు అనుమానంగా ఉంది. పరీక్ష కాస్త వెనక్కి జరుపుదాం" అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కారు కోసం ఇల్లూ వాకిలీ మరిచిన మనిషి. కానీ కారు తప్ప వేరే ఏదీ కనపడదు.

"శుక్రవారం లెక్కలన్నీ ఇక మార్చకుండా లాక్ చేస్తున్నామని చెప్పేశాను శశికళ గారూ. ఇప్పుడు అనుమానాలేంటి? ఏమైనా తేడా కొట్టిందా?"

"కొట్టలేదు" అన్నాను. ఆ అబద్ధం నోటికి చేదుగా తగిలింది.

*

శుక్రవారం మధ్యాహ్నం బొంబాయి నుంచి కంపెనీ పెద్దలు వచ్చారు. బదరీనాథ్ గారి ఉపన్యాసం సాగుతూనే ఉంది. మా బావ ఆ మందపాటి డ్రైవింగు సూటులో, ఎండలో, కారు పక్కనే నిలబెట్టిన బొమ్మలా నిలుచున్నాడు. గుట్టల మీంచి వడగాలి కొడుతోంది. చెమట మెడ మీంచి కారుతోంది. కూచోమని సైగ చేశాను. కూచోలేదు. కూచుంటే మళ్ళీ లేచేటప్పుడు కాలు ఆలస్యమవుతుందని భయం. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

కార్లో ఇద్దరం కూచోగానే తెర మీద పట్టీ గుర్తు ఆకుపచ్చగా వెలిగింది. మొదటి చుట్టు అద్భుతం. రెండోది ఇంకా బాగుంది. పెద్దలు నిలబడ్డ టెంటు ముందు నుంచి దూసుకుపోయాం. తర్వాత పొడవాటి తిన్నని రోడ్డు, దాని చివర గుట్ట కింద మలుపు. ముసుగు గేర్లు మార్చేది చెవికి కూడా తెలియడం లేదు. ఒకటే పెరుగుతున్న హోరు.

తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకసారి ఆరి వెలిగింది.

చెమట. రబ్బరు కింద చెమట పట్టి జారుతోంది.

"బావా, తగ్గించు! పట్టీ పోతాంది!"

"తగ్గిస్తాండా!"

చుక్క ఎర్రబడింది. కారు పట్టీని వదిలి పెడల్ మాట వినడం మొదలుపెట్టింది. పెడల్ మీద కాలే లేదు. ఇంజన్ హోరు తగ్గింది గానీ ఆ వేగం ఎక్కడికి పోతుంది? గుట్ట మీదికి వస్తోంది.

"బ్రేకు బావా!"

"తొక్కినా! తొక్కినా మే! తొక్కినా!"

కిందికి చూశాను. కుడిపాదం యాక్సిలరేటర్ పెడల్ మీద తేలుతూ, అసలు తనకేమీ సంబంధం లేనట్టుంది. ఆయన ఒళ్ళంతా సీటుకు నొక్కుకుపోయి ఉంది. నరాలు ఉబ్బి ఉన్నాయి. బతుకంతా ఆ కాలులో పెట్టి తొక్కుతున్నాడు. అది మాత్రం రావడం లేదు. నాకు పాప గడ్డం మీది కుట్లు కళ్ళముందు మెదిలాయి.

"ఎడమకాలు! ఎడమకాలు వెయ్ బావా! ఎడమ!"

ఈ కారులో ఎడమకాలికి పనే లేదు. కానీ పదేళ్ళు బోరు లారీ క్లచ్చు తొక్కిన కాలు అది. దానికి ఒకటే విద్య తెలుసు, అడుగు దాకా దించడం. వచ్చి బ్రేకు మీద పడింది చూడండి, నా బెల్టు భుజంలోకి దిగబడింది, ల్యాప్‌టాప్ ఎగిరి అద్దానికి కొట్టుకుంది. చక్రాలు పట్టు వదిలి కీచుమని అరిచాయి. కారు పక్కకు తిరిగింది. మలుపు బయట పరిచిన కంకరలోకి దిగి, దుమ్ము లేపుకుంటూ, చివర పేర్చిన టైర్ల గోడకు బారెడు దూరంలో ఆగిపోయింది.

ఇద్దరం బతికే ఉన్నాం. అప్పుడు, అన్నీ అయిపోయాక, మా బావ కుడికాలు నింపాదిగా ముందుకొచ్చి బ్రేకు పెడల్‌ను నొక్కింది. ఇద్దరం దాన్ని చూశాం. నాకు ఏడుపు ఆగలేదు.

టెంటులో వాళ్ళందరూ పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు బదరీనాథ్ గారు, తెల్లగా పాలిపోయి. మాకేమీ కాలేదని చూసుకోగానే పెద్దలవైపు తిరిగి, "పట్టీ చెమటకు జారింది సార్. చిన్న విషయం. రేపటికి సరిచేస్తాం" అన్నారు.

నేను నోరు తెరవబోయాను. మా బావ నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. కుంటుకుంటూ పెద్దల ముందుకు పోయి నిలబడ్డాడు.

"పట్టీది కాదు సార్. కాలు రాలేదు. నా కాలు నాకు రావడం లేదు."

నాతో సరే అనిపించుకున్న మనిషే. ఎవరికీ చెప్పొద్దని బస్సులో ఏడ్చిన మనిషే. "సోమవారం మా బిడ్డను పడేసినా. బ్రేకు తొక్కినా అనుకున్నా, తొక్కలేదు. మీరు రేపు దీన్ని ఊర్లల్లో అమ్ముతారు. ఎవుడో ఒకడు దీంట్లో నుంచి దిగి, బిడ్డను బండెక్కించుకుని బడికి పోతాడు సార్. వాన్ని తలుచుకుంటే నాకు భయమైతాంది."



*

ఆ సాయంత్రం బదరీనాథ్ గారు మమ్మల్ని గదికి పిలిచారు. తల పట్టుకుని కూచున్నారు. కాసేపటికి తలెత్తి, "ఒకటే పట్టీ ఉండబట్టి ఇలా అయింది. ఎడమకాలికీ ఒకటి వేద్దాం. ఒకటి జారినా రెండోది..." అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని ఒక్కమాట ఎదిరించి ఎరగను. వంగి మా బావ కాలి పట్టీ ఊడదీసి, ఆయన టీ కప్పు పక్కన పడేశాను.

"మీ కాలికి కట్టుకోండి సార్! పక్క సీటు నియమం నాకొక్కదానికేనా? ఇంజన్ టకటకమంటే ఒక మెట్టు వెనక్కి రమ్మని నాకు నేర్పింది మీరే కదా? లోహం అరిస్తే వింటాం. మనిషి కాలు మొత్తుకుంటుంటే మైసూర్‌పాకు తిన్నాం, నాతో సహా! ఇవాళ ఈయన్ని కాపాడింది ఆ ఎడమకాలు ఒక్కటే. దానిక్కూడా నేర్పిస్తారా, నువ్వు కష్టపడొద్దని?"

"శశీ, చాల్లే" అన్నాడు మా బావ.

"నువ్వుండు! కారు నాకివ్వండి సార్. ట్రాక్ ఇవ్వండి. జవాబు నేను పెట్టాను, నేనే తీస్తాను. అంతవరకూ లెక్కల్ని లాక్ చేసే తాళం నా దగ్గరే ఉంటుంది. పోలీసుల్ని పిలుచుకున్నా సరే."

ఆయన ఆ పట్టీని చేతిలోకి తీసుకున్నారు. తర్వాత దాన్ని సొరుగులో పెట్టి మూసేశారు. "టీ చల్లారిపోయింది, ఇంకో మూడు చెప్పండి" అన్నారు బయటికి. "బొంబాయికి నేను సమాధానం చెప్పుకుంటాను. కారు తీసుకోండి."

మర్నాడు పొద్దున్నుంచే మొదలుపెట్టాం. సొరుగులో నుంచి పట్టీ వచ్చింది, ఈసారి నేర్పింది మరిపించడానికి. ట్రాక్ మీద వేగానికి హద్దు పెట్టాను, నా కాలి కింద కూడా ఒక బ్రేకు పెట్టించాను, డ్రైవింగు స్కూలు బండికి ఉన్నట్టు. జవాబును ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపాను. కుదుపులు మళ్ళీ వచ్చాయి. మా బావ తిట్లు లంకించుకున్నాడు.

"ఇది కారా, ఎద్దుల బండా? బంగారమట్లా ఉండేదాన్ని నాశనం చేస్తివి గదే!"

"చేస్తా. ఇంకా చేస్తా. తొక్కు."

రోజూ అంతే. నేను ఒక మెట్టు వెనక్కి తీయడం, కారు ఇంకాస్త మొద్దుబారడం, ల్యాపు సమయం పెరగడం. వెల్డింగువాళ్ళు ఇప్పుడు నవ్వలేదు. తెర మీద కాలి బరువు గీత మాత్రం నేలకు అతుక్కుని ఉంది. నేను రాత్రిపూట దేవుడికి దండం పెట్టుకుంటూనే ఆ దేవుణ్ణి తిట్టేదాన్ని. ఒకరోజు కాలు వచ్చినట్టే వచ్చి, మళ్ళీ మాయమైంది. మా బావ స్టీరింగు మీద తల పెట్టుకుని, "నన్ను ఇడ్సిపెట్టు మే. ఇంట్లో కూచుంటా. పాపను నువ్వే బడికి తీసుకుపో" అన్నాడు.

నాకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. "పాప నిన్నే అడుగుతాంది. నా వెనక కూచుంటే దానికి నిద్రొస్తాదంట. తొక్కు బావా."

తొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తొక్కాడు. మలుపు దగ్గర గీత చిన్నగా తల ఎత్తింది. జవాబు ఇంకా బయల్దేరలేదు. కాలు దానికన్నా ముందొచ్చింది. నేను పెట్టిన కేకకు మా బావ బెదిరి నిజంగానే బ్రేకు కొట్టాడు.

ఆపైన గీత మెల్లమెల్లగా పైకి లేచింది. మొండిది, ఒకరోజు ఎక్కితే ఇంకోరోజు దిగేది. కానీ లేచింది.

పట్టీ లేకుండా నడిపే రోజు బదరీనాథ్ గారు చేతిలో స్టాప్‌వాచీతో వచ్చారు. టెంటు దగ్గర నిలబడతారనుకున్నాను. ఆయన వెనక తలుపు తీసుకుని లోపల కూచుని బెల్టు పెట్టుకున్నారు. "నియమం నాకూ ఉందన్నారు కదా" అన్నారు, అద్దంలోంచి బయటికి చూస్తూ.

మా బావ ప్యాంటు మడిచి, బోసిగా ఉన్న పిక్కను ఒకసారి రుద్దుకున్నాడు. బయల్దేరాం. ముసుగు ఎంత నెమ్మదిగా పోయిందంటే ట్రాక్ పక్క గడ్డి మేస్తున్న గొర్రె తల ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడింది. తిన్నని రోడ్డు. గుట్ట కింద మలుపు. బ్రేకు వేయాల్సిన చోట ముందుగా పెట్టిన ఎర్రటి గుర్తు. నేను నా కాలిని నా బ్రేకు మీది నుంచి తీసి సీటు కిందికి ముడుచుకున్నాను. ముడుచుకోవడానికి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకే తెలుసు.

గుర్తు దాటిపోయింది. మా బావ దవడ బిగుసుకుంది. ఒక క్షణం. ఇంకొకటి.

కారు ముక్కు నేలకు వంగింది. టైర్లు రోడ్డును పట్టుకున్నాయి. ఆగాం.

మా బావ తన కుడికాలి వంకే చూస్తున్నాడు. పెడల్ మీద గట్టిగా, బండరాయిలా ఉంది. "ఆలస్యమైందా మే?" అన్నాడు.

"అయింది బావా" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఆ ఆలస్యం నీదే. నా లెక్క ఇందులో ఏమీ లేదు."

వెనక సీట్లో బదరీనాథ్ గారు స్టాప్‌వాచీ చూసి, ముక్కు ఎగబీల్చి, మా ట్రాక్ పుట్టినప్పటి నుంచీ ఇంత చెత్త ల్యాపు లేదన్నారు. ఆ తర్వాత నవ్వారు. ఆయన నవ్వితే ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను.

ఇంటికి వచ్చేసరికి పాప బడి నుంచి వచ్చి అరుగు మీద హోంవర్కు చేసుకుంటోంది. గడ్డం మీద మచ్చ సన్నటి గీతలా మిగిలింది. మా బావ దాని పక్కనే కూలబడి చెప్పులు విడుస్తుంటే, అది పెన్సిలు పక్కన పెట్టి, ఇన్నాళ్ళూ నేను ఆడనివ్వని ఆట గుర్తుపెట్టుకున్నట్టుంది, గబుక్కున కిందికి దిగి ఆయన కుడిపాదం కింద తన అరచెయ్యి దూర్చింది.

"నాన్నా, తొక్..."

మాట పూర్తి కానేలేదు.

"అబ్బా! అమ్మా, చూడు నాన్న! నిజంగానే తొక్కేసినాడు!"

చెయ్యి విదిలించుకుంటూ అది లబోదిబోమంటుంటే, మా బావా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో తెలియకుండా ఆ పిల్లను మధ్యలోకి లాక్కున్నాం.